ఇరవై రెండు రోజుల పట్నం

నా రాతలో గుణింతాలు అక్కడక్కడా తప్పుతాయి, చదివేవాళ్ళు సర్దుకోవాలి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. తొందరేమీ లేదు కాబట్టి మీరూ నిదానంగానే చదవండి. ఇది ఒకావిడ కథ.

ఆవిడ ఆ పూట మేడ మీద ఉతికిన బట్టలు దులిపి ఆరేస్తోంది. కొడుకు చొక్కాలు, కోడలి ఆఫీసు బట్టలు, మనవరాలి మేజోళ్ళు. దండెం మీంచి చూస్తే అన్నీ ఒకే రంగు ఇళ్ళు, ఒకే ఎత్తు గోడలు. వచ్చిన కొత్తలో రెండుసార్లు పక్కింటి తాళం తీయబోయింది. ఇళ్ళు అయిపోయిన చోట పెద్ద ప్రహరీ, దానికో గేటు, గేటు అవతల హద్దురాళ్ళు పాతిన ఖాళీ నేల. కాలనీలో దుకాణమన్నది లేదు. ఏం కావాలన్నా ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. ఆవిడకు అక్షరాలు రావు కనక ఫోన్లో నొక్కడమూ రాదు. సూది కావాలన్నా కొడుకునే అడగాలి. "సూదెందుకమ్మా, చిరిగితే పారేద్దాం" అంటాడు వాడు.

కొడుకు చెడ్డవాడేం కాదు. ఒకసారి ఆవిడ బస్సులు చూద్దామని పెద్ద రోడ్డు దాకా నడిచి రెండు గంటలకు తిరిగొచ్చింది. ఆ రోజు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పట్నించీ గేటు దగ్గరికి వెళితే కాపలాదారు కుర్చీ వేస్తాడు. "కూర్చోండి, నలభై రెండో నంబరు అమ్మగారూ. ఒక్క నిమిషం, సారుకి చెప్పి తీస్తాను." సారు అంటే ఆవిడ కడుపున పుట్టినవాడే. మర్యాదకేం లోటు లేదు.

ఆవిడ కాపురం చేసిన ఊళ్ళో వీధులు రెండే. గుమ్మంలో కాస్త ఎక్కువసేపు నిలబడితే ఆ కబురు ఆవిడకంటే ముందు అత్తగారి చెవిన పడేది. చుట్టాలొస్తే భర్తకి ఒక హాస్యం ఉండేది: "దీన్ని పట్నంలో వదిలితే పక్క వీధిలోంచి ఇంటికి రాలేదు." అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది, కాఫీ గ్లాసులు ఏరుకుంటూ.

ఆఖరికి ఆ పట్నానికి తీసుకెళ్ళింది ఆయనే, ఆయన జబ్బు. ఆసుపత్రిలో లోపలి వార్డులో పెట్టారు. పొద్దున గంట, సాయంత్రం గంట చూడనిచ్చేవారు. ఎదురుగా లాడ్జిలో కొడుకు ఒక గది తీసిచ్చి, వారం వారం వచ్చి వెళ్ళేవాడు. మిగిలిన రోజంతా ఆవిడది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో అంత రోజు ఆవిడ చేతికి రావడం అదే మొదలు. ఏం చేసుకోవాలో తెలియక తొలిరోజు మంచం దుప్పటి మూడుసార్లు సరిచేసింది. మర్నాడు సబ్బు కోసం కిందికి దిగి నిజంగానే దారి తప్పింది. తప్పితే ఏమైంది? ఎవరూ నవ్వలేదు. ఎవరూ చూడను కూడా లేదు. ఒకదానికొకటి ఆనుకుని గడియారాలు బాగుచేసే కొట్టు, పూల కొట్టు, పాత పుస్తకాల కొట్టు. పైన ఇళ్ళు, కింద వ్యాపారం, మధ్యలో జనం. ఆ జనంలో ఆవిడ ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. సబ్బు కొనుక్కునే మనిషి, అంతే.

"ఎక్కడికి పోయావ్ ఇంతసేపూ?" అన్నాడు ఆయన సాయంత్రం, ఊపిరందని గొంతుతో.

"సబ్బు కోసం. కొట్టు చాలా దూరం."

కొట్టు లాడ్జి పక్కనే.

ఆ వీధిలోనే ఒక దర్జీ ఆవిడ దుకాణం ఉంది. మెట్ల మీద రోజూ కూర్చునే ఈవిణ్ణి చూసి, చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, ఈ గుండీలు కుట్టిపెడతారా అని అడిగింది. ఈవిడ కుట్టింది. ప్రతి బట్టకీ పేరు రాసిన చీటీ గుచ్చి ఉంటుంది. ఈవిడకి చదవడం రాదని చెప్పుకోడానికి సిగ్గేసి, ఎవరో లావుపాటాయన కోటు గుండీలు పెళ్ళికొడుకు కోటుకి కుట్టేసింది. పెళ్ళికొడుకు వచ్చి తొడుక్కుంటే వాచీలంత గుండీలు. దర్జీ ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, చీటీలు తనే చదివి ఇవ్వడం మొదలుపెట్టింది. "మీ చెయ్యి బావుంది పెద్దమ్మా. ఎప్పుడైనా ఇటొచ్చేస్తే పైన గది ఖాళీయే" అని తన ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చింది.

ఇరవై రెండో రోజు ఆయన పోయాడు. ఆవిడ గుండె పగిలేలా ఏడ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ లాడ్జి గది తాళంచెవి తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చిన ఏడుపు వేరు. అది ఎవరికోసమో ఆవిడకి తెలుసు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే నాకు బతుకు రుచి తెలిసిందే, నేనేం మనిషినని తనను తాను మూడేళ్ళు తిట్టుకుంది. తిట్టుకుంటూనే రోజూ దండెం దగ్గర నిలబడి ఆ వీధిని మనసులో ఈ చివర్నించి ఆ చివరికి నడిచేది, ఒక్క కొట్టూ వదలకుండా.

బట్టలు ఆరేసి కిందికి దిగేసరికి హాల్లో ఒక పిల్ల కూర్చుని ఉంది. జనం ఉండే చోట్ల గురించి ఏదో సర్వే అట. మీరుండేది పట్నమనుకుంటున్నారా, శివారా, పల్లెటూరా అని అడుగుతోంది.

పట్నమే అన్నాడు కొడుకు, పన్ను నగరపాలక సంస్థకే కడుతున్నాం కదా అని. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కోడలు ఒప్పుకోలేదు. "రెండు బస్సులు మారి ఆఫీసుకెళ్ళేది నేను. శివారు." ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. పిల్ల ఇద్దరివీ రాసుకుని ఆవిడ వైపు తిరిగింది.

"ఆవిడకేం తెలుస్తుందమ్మా, మా ఇద్దరిలో ఎవరిదో ఒకటి వేసేసుకో" అన్నాడు కొడుకు.

"కుదరదండీ. ఆవిడదావిడే చెప్పాలి."

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"పల్లెటూరు."

ఇద్దరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. కారణం కూడా రాయాలంది.

"నేను గుమ్మం దాటితే నాకన్నా ముందు ఇంట్లో తెలుస్తుంది. అలాంటి చోటు పల్లెటూరు కాకపోతే ఏంటమ్మా?"

పిల్ల రాసుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ అభిప్రాయాన్ని ఎవరైనా రాసుకోవడం ఇదే మొదలు. రాసుకున్నాక అది నిజమై కూర్చుంది.

నిలబడే చెప్పింది. ఆసుపత్రి వీధిలో దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉంటానంది, పై గదిలో.

కొడుకు ముందు జ్వరమేమైనా ఉందా అని చూశాడు. తర్వాత పరువన్నాడు. "అమ్మని పనిలో పెట్టాడంటారు."

"ఎవరంటారురా? ఇక్కడ పక్కింట్లో ఎవరున్నారో నీకు తెలుసా?"

కోడలు మాత్రం అసలు సంగతికొచ్చింది. "మీరెళ్ళిపోతే పాపని స్కూలు బస్సులోంచి దింపుకునేదెవరు అత్తయ్యా? నా ఉద్యోగం ఏమవ్వాలి?"

ఆ ప్రశ్నకి ఆవిడ ప్రాణం గిలగిల్లాడింది. కోడలి గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. ఆ భయం ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినదే. ఇంకొకరి రోజు మీద నిలబడితే తప్ప తన రోజు నిలవని బతుకు. అయినా ఆవిడ వెనక్కి తగ్గలేదు.

"నీ మొగుడు ఇంట్లోనే పై గదిలో కూర్చునేగా ఉద్యోగం చేసేది. బస్సు వచ్చేది మన వాకిట్లోకే. మెట్లు దిగడం వాడికీ వచ్చు."

కోడలు మొగుడి వంక చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత కోడలు ఫోను తీసి, ఆ దర్జీ ఆవిడ నంబరున్న చీటీ ఇవ్వండి అంది.

మనవరాలు ఇప్పుడు ఆదివారాలు వస్తుంది, తక్కిన ఆరు రోజులూ రాదు. ఆ ఆరు రోజులూ ఆవిడకి ఒళ్ళో వెలితిగానే ఉంటుంది. ఆ వెలితితోనే పొద్దున్నే కిటికీ తెరుస్తుంది.

దర్జీ ఆవిడ చీటీల మీదే అక్షరాలు దిద్దుకుని ఇది రాసింది నేనే. దుకాణంలో పిలిచే పేరు గుండీల పెద్దమ్మ. వయసు అరవై మూడు. ఉండేది దర్జీ కొట్టు మీద గదిలో. అసలు పేరు చెప్పి వాకబు చేస్తే ఈ వీధిలో నేనెవరో ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడుంటున్నాను.