వంటింట్లో పడిన దేశం

పొద్దున్నే కాఫీ కావాలంటే ధనశేఖర్ గడప ఇవతల నిలబడి గ్లాసు చాచాలి. హాలు మనదేశంలో ఉంది, వంటిల్లు నిర్మాల్యదేశంలో ఉంది. భార్య చంద్రకాంతమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి గడప మీదుగా గ్లాసు నింపి పోతుంది. బంగారుపాళ్యం పక్కన మామిడితోటల్లో ఇల్లు కట్టుకున్నాక ఏదో ఒక చిక్కు తప్పదు. ఒకరికి బావి తగాదా, ఒకరికి దారి తగాదా, ఇతనికి సరిహద్దు.

ఆ దేశం కిందటేడు వానలప్పుడు వచ్చింది. పెరటి తోటలో మొదలై వంటింటి గోడ దాటి గడప దాకా వచ్చి ఆగింది. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి చూసి, కొలత సరిగ్గానే ఉందని చెప్పి టీ తాగి వెళ్ళాడు. దాన్ని ఏలేది పూజార్లు. రాజూ లేడు, ఓట్లూ లేవు. రాయి మీద పువ్వు పెట్టి అడగడమే పరిపాలన. కుడిపక్కకి రాలితే అవును, ఎడమపక్కకి రాలితే కాదు. మన పల్లెల్లో పెళ్ళికో, బోరు వెయ్యడానికో అమ్మవారి దగ్గర పువ్వు అడగడం ఉన్నదే. అక్కడ కోడి కూయాలన్నా అడగాలి.

రాయి మాత్రం కొత్తదేం కాదు, చంద్రకాంతమ్మ రోట్లో పొత్రమే. వచ్చిన రోజే పూజార్లు దాన్ని నిలబెట్టి, పసుపు పూసి దేవుడన్నారు. ఆమె చట్నీ మిక్సీలో వేసుకోవడం మొదలుపెట్టింది. కానీ పొత్రానికి ముఖం లేదు కదా. ముఖం లేనిదానికి కుడి ఏది, ఎడమ ఏది? సగంమంది పూజార్లు రాయికి కుడి అంటారు, సగంమంది చూసేవాడికి కుడి అంటారు. సాంబారులో ఉప్పు వెయ్యాలా అని అడిగితే, వాదన తెమిలేసరికి సాంబారు చల్లారిపోతుంది. ధనశేఖర్ కొన్నాళ్ళు చప్పిడి తిన్నాడు, కొన్నాళ్ళు ఉప్పుకషాయం తిన్నాడు. ఏది ఎందుకో అర్థంకాక రెండింటికీ తలూపాడు. సాయంత్రం సీరియల్ చూడ్డానికి చంద్రకాంతమ్మ హాల్లోకి రావాలన్నా పువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకున్న రోజు వచ్చేది, లేని రోజు మానేసేది.

అసలు గొడవ కూతురు ఐశ్వర్యకి శ్రీసిటీలో ఉద్యోగం రావడంతో మొదలైంది. సోమవారం చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. డిప్లొమా చదివి కూడా గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి పోయి మామిడి టెంకలు ఏరిన పిల్ల. ఈ ఉద్యోగం మీదే ప్రాణం పెట్టుకుంది. శనివారం తెల్లవారగానే ధనశేఖర్ ఆమెను బండి మీద ఎక్కించుకుని, తిరుపతి బస్సు పట్టించడానికి పూతలపట్టు బయల్దేరాడు. క్రాసు దగ్గర మలుపు తిరిగితే ఎదురుగా తన పెరడు, గిన్నెలు తోముతున్న భార్య. ఇంకో దారిన పోయాడు. మళ్ళీ పెరడే. ఒక్కడే పోతే పూతలపట్టు ఎప్పటిలాగే ఉంది, వడ కూడా తిని వచ్చాడు. పిల్లని ఎక్కించుకుంటేనే దారి వెనక్కి తిరుగుతోంది. అతనికి తల తిరిగిపోయింది.

పెద్దపూజారి గోవిందయ్య నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. పిల్ల చిన్నప్పట్నుంచీ తల్లి పక్కన వంటింట్లోనే పడుకుంటుంది కాబట్టి ఆ దేశపు మనిషే. పువ్వు ఒప్పుకోనిదే పొలిమేర దాటలేదు.

ఆదివారమంతా అడిగారు. పువ్వు రాలింది. సగంమంది పొమ్మన్నారు, సగంమంది వద్దన్నారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే. ఐశ్వర్య ఒళ్ళో బ్యాగు పెట్టుకుని గడప మీదే కూర్చుంది.

"నాయనా, నేను పోతానా, పోనా? ఏదో ఒకటి సెప్పు," అంది.

పిల్లకి ఒక్క మాట చెప్పలేని తండ్రి ఎందుకు, దండగ అనుకున్నాడు ధనశేఖర్.

సోమవారం పొద్దున ఆఖరిసారి అడిగారు. ఈసారి చామంతి అసలు రాలనే లేదు. పూజార్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, బస్సు వేళ దగ్గర పడుతోంది. చంద్రకాంతమ్మకి ఇదేం పట్టలేదు. పెరుగన్నం డబ్బా బ్యాగులో పెట్టింది. కూతురికి తల దువ్వి జడ వేసింది. ఉత్త తలతో పిల్లని ఊరికి పంపే తల్లి ఈ వైపు పల్లెల్లో ఎక్కడుంది? అటూ ఇటూ చూసి, రాయి మీది చామంతి తీసి కళ్ళకద్దుకుని, జడలో తురిమేసింది.

గోవిందయ్య పైపంచె నడుముకు చుట్టుకుని చేతులు జోడించాడు.

"ఇన్నాళ్ళూ పువ్విచ్చేది రాయి అనుకున్యాం తల్లీ. ఇచ్చింది నువ్వు. నువ్వే సెప్పు, బిడ్డ పోవాల్నా, వద్దా?"

ఆమె వెర్రిచూపులు చూసింది. "బస్సుకి టైమయితా ఉండాది సామీ, పోనీండి," అంది.

దారి తిన్నగా పోయింది. ఐశ్వర్య కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, ధనశేఖర్ కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి పూజార్లు వంటింట్లో వరుసగా నిలబడి ఉన్నారు. విత్తనం ఎప్పుడు వెయ్యాలి, ఆవు ఎప్పుడు ఈనాలి అని ఒక్కొక్కరే అడుగుతున్నారు. చంద్రకాంతమ్మ ఉల్లిపాయలు తరుగుతూనే జవాబు చెబుతోంది. గోవిందయ్య అతన్ని గడప దగ్గరే ఆపాడు. ఇక పువ్వు లేదని, ఆమె మాటే పువ్వని చెప్పాడు. ఆమె గడప దాటితే ఆ దేశానికి దేవుడుండడు, దేవుడు లేకపోతే దేశమూ ఉండదు, అందులో ఉన్నవాళ్ళూ ఉండరు.

ధనశేఖర్ గడప ఇవతల నుంచే భార్య వైపు మెడ చాచాడు.

"మే, నువ్వు ఈపక్కకి ఎప్పుడొస్తావు?" అన్నాడు.

"అడిగి సెప్తా," అంటూ ఆమె అలవాటుగా రాయి వైపు తిరిగింది. రాయి బోసిగా ఉంది. పూజార్లందరూ ఆమెనే చూస్తున్నారు. మొగుడి వైపు తిరిగింది. "ఎవుర్ని అడగల్ల నేను?"

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె ఇష్టం ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు. ఇప్పుడు అడిగితే ఏమంటుందోనని మొదటిసారి భయమేసింది.

"నీయిష్టం," అన్నాడు చివరికి.

చంద్రకాంతమ్మ పొయ్యి ఆపేసింది. "అయితే కొంచెం ఆలోచించుకోనీ," అని పీట వాల్చుకుని కూర్చుంది. ఆమె ఏమంటుందా అని గడపకి అటు దేశమూ ఇటు దేశమూ ఎదురుచూశాయి.