వెలుగు పెట్టి చూసిన నొప్పి

కూతురు ఎడమ అరచేతిని కంటికి అదిమిపెట్టుకుని, కుడి చేత్తోనే గిన్నెలు తోముతోంది. మూత జారి కింద పడింది. ఆ చప్పుడుకే తల పట్టుకుని కూలబడింది.

"సరిగ్గా షిఫ్టు టైముకే వస్తుందమ్మా నీకు," అన్నాడు తండ్రి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

చదివేవారూ, ఆయన్ని రాక్షసుడనుకోకండి. బల్బుల కర్మాగారంలో పరీక్ష విభాగానికి ఆయన మేస్త్రి. అక్కడ ఆడవాళ్లు రోజంతా వెలిగే బల్బుల వంకే చూస్తూ, మిణుకుమనేవాటిని ఏరేస్తారు. తలనొప్పి అన్నవాళ్లకు ఆయనే ఒక పరీక్ష కనిపెట్టాడు. కంట్లోకి లైటు వేస్తాడు. కనుపాప ముడుచుకుంటే మనిషి బాగున్నట్టే, పోయి పని చూసుకోవాలి. ఆ పరీక్షలో నెగ్గి ఇంటికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. కూతురు కూడా అక్కడే పనిచేస్తోంది. ఆమెకు సడలిస్తే, మేస్త్రి ఇంటి తలనొప్పి మాత్రం నిజమైనదా అని నలుగురూ ఆడిపోసుకుంటారని ఆయన భయం.

టార్చి తెచ్చి కూతురి రెప్ప ఎత్తాడు. "పాప బంగారంలా ముడుచుకుంది. లే."

"నాన్నా, ఆ లైటు తియ్యి. కంట్లో మేకు దిగుతోంది."

"మేకులూ సుత్తులూ మనకెందుకుగానీ, పద."

వెళ్లింది. మధ్యాహ్నానికి కళ్లు తిరిగి, వెలుగుతున్న బల్బుల వరస మీదికే వాలిపోయింది. పగిలిన గాజు కుడి కంట్లో దిగింది.

ఆ కంటికి ఇక చూపు రాదని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. పొద్దున కనుపాప బాగానే ముడుచుకుందని, తానే స్వయంగా చూశానని మేస్త్రి గొణిగాడు.

"వెలుతురు పడితే కనుపాప ముడుచుకుంటుంది పెద్దాయనా. నొప్పితో విలవిల్లాడే మనిషికీ ముడుచుకుంటుంది," అందామె. "ఇలాంటి తలనొప్పిలో నరాల కొసల నుంచి న్యూరోపెప్టైడ్లనే సన్నని పదార్థాలు ఊరతాయి. వాటివల్ల రక్తనాళాలు ఉబ్బుతాయి, నొప్పి రాజుకుంటుంది. అప్పుడు మామూలు వెలుతురే సూదై గుచ్చుతుంది. అవి మీ లైటుకు కనబడవు. నొప్పికి సాక్ష్యం నొప్పి పడే మనిషి మాటే. ఆ మాట నమ్మడమే మొదటి వైద్యం."

కూతురి కంటి కట్టు విప్పిన కొన్నాళ్లకు, ఒక ఉదయం పక్కింటామె గడపలోకి వచ్చింది. ఆమెదీ పరీక్ష విభాగమే. తల పగిలిపోతోందని చెప్పి, అలవాటుగా కన్ను పెద్దది చేసి మేస్త్రి ముందు నిలబడింది.

మేస్త్రి తల వంచుకున్నాడు. "నువ్వు చెప్పావుగా తల్లీ, చాలు. ఇంటికెళ్లి చీకట్లో పడుకో."

లోపలి గదిలో కూతురు ఆ మాట విన్నది. కాసేపటికి బట్టల సంచీ భుజాన వేసుకుని, తండ్రి పక్కనుంచే ఇల్లు దాటి వెళ్లిపోయింది.