కొత్త ఇంట్లో పాత నీళ్ళు

పేరు ఢిల్లీరావే గానీ, అతను విశాఖపట్నం దాటి వెళ్ళిన పాపాన పోలేదు. అక్కుపల్లిలో పుట్టి, విశాఖపట్నంలో రంగుచేపలమ్మే దుకాణంలో ఆరేళ్ళు పనిచేసి, రెండువేల నాలుగులో కాశీబుగ్గ బస్టాండు దగ్గర సొంతంగా అలాంటి కొట్టే తెరిచాడు. సముద్రం మీద వేటకెళ్ళే తండ్రి బైరాగి కొట్టు చూడడానికొచ్చి, గాజు తొట్ల ముందు ఒక చుట్ట కాలినంతసేపు నిలబడ్డాడు. "కూరకి పనికిరాని సేపని ఎవుడు కొంతాడ్రా?" అని, జవాబు కోసం ఆగకుండా బస్సెక్కేశాడు.

మూడు నెలలు ఆయన మాటే నిజమయ్యేలా ఉంది. వచ్చినవాళ్ళు చూసేవాళ్ళు, పిల్లలకి చూపించేవాళ్ళు, పోయేవాళ్ళు. కొంటామన్నవాళ్ళకి తొట్టీ, చేపలూ ఇవాళే కావాలి. ముందు ఇరవై రోజులు నీళ్ళు నిలవుంచాలని చెబితే, వీడికి అమ్మే ఉద్దేశం లేదనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నిలవుంచకుండా వేస్తే చేపలు చస్తాయి, చేపలు చస్తే కొట్టుకి చెడ్డపేరు. ఏం చెయ్యాలో ఢిల్లీరావుకి పాలుపోలేదు.

అలాంటప్పుడు దేవుడు పంపినట్టు త్రినాథరావు వచ్చాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న మనిషి, కొత్త ఇల్లు కడుతున్నాడు. గృహప్రవేశం నాటికి హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉండాలన్నాడు. ఇంకా నెల రోజులు టైముంది. ఢిల్లీరావు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

చేపల్ని ఎంచడానికి కూతురు అశ్వినిని తీసుకొచ్చాడు త్రినాథరావు. ఆయన కళ్ళు పెద్ద గోల్డ్‌ఫిష్‌ల మీదే ఉన్నాయి.

"ఆటికి సల్లటి నీళ్ళు గావాల బాబూ, మిగతావాటికి ఎచ్చటివి. ఒక్కసోట ఇమడవు" అన్నాడు ఢిల్లీరావు.

"మరి ఈ సారలవి?" అని ఒంటినిండా చారలున్న చేపల్ని చూపించాడు త్రినాథరావు.

"అవి ఊరుకోవండి. పక్కదాని రెక్కలు కొరికేత్తాయి."

"నా పెళ్ళికి కూడా ఇన్ని పొంతనలు సూడనేదయ్యా!" అని త్రినాథరావు నవ్వేశాడు. అశ్విని మాత్రం రెండు సన్నని పోగుల్ని చేతుల్లా చాచి గాజుని తడుముతున్న గౌరామీల ముందు నుంచి కదల్లేదు. చివరికి ఆ రెండూ, నాలుగు ఎర్ర ప్లాటీలూ, నాలుగు నల్ల మోలీలూ ఖాయమయ్యాయి.

ఢిల్లీరావు ముందే వెళ్ళి తొట్టి బిగించాడు. అడుగున గులకరాళ్ళు పరిచి, బోరు నీళ్ళు నింపి, హీటరూ స్పంజీ ఫిల్టరూ పెట్టాడు. చేపలు లేకపోయినా, నీళ్ళు వాటికి అనువుగా తయారవడానికి రోజూ చిటికెడు మేత వేస్తూ మూడు వారాలు కాపు కాశాడు. నీళ్ళు లేతగా పసుపు తిరిగాయి. స్పంజీకి గోధుమరంగు జిగురు పట్టింది. అది చూసుకుని అతను ఎంత మురిసిపోయాడో చెప్పలేం. వేరేవాళ్ళకి అది మురికి, అతనికి అది పంట.

గృహప్రవేశం పొద్దున చేపల సంచులతో వెళ్ళేసరికి తొట్టి తళతళా మెరిసిపోతోంది. అంచులకి పసుపు, కుంకుమ బొట్లు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఢిల్లీరావు సంచులు కింద పెట్టేశాడు.

"ఈ నీళ్ళెవులు మార్సినారు?"

"నానే" అంది త్రినాథరావు తల్లి రత్నాలమ్మ గర్వంగా. ముందురోజే రావివలస నుంచి వచ్చిందావిడ. "కొత్తింట్లో నిలవ నీళ్ళుంచుతారేటి బాబూ? పారబోయించినాను. సబ్బు ఎయ్యనేదు, రాళ్ళన్నీ కొబ్బరిపీసుతో తోమించినాను. ఆ స్పంజీ అయితే జిడ్డోడిపోతంది, ఏణ్ణీళ్ళలో మరగబెట్టి పిట్టగోడ మీద ఎండేసినాను."

ముహూర్తానికి గంటన్నర ఉంది. హాలు నిండా చుట్టాలు. ఢిల్లీరావు త్రినాథరావుని పక్కకి పిలిచి, ఇవాళ చేపలు వెయ్యలేనన్నాడు.

"ఊరందర్నీ పిలిసినాను. ఏత్తే ఎయ్యి, నేదంటే ఈ తొట్టి ఎత్తుకుని పో" అన్నాడు త్రినాథరావు పళ్ళ బిగువున.

వెయ్యొచ్చు. మూడు నాలుగు రోజులు బాగానే తిరుగుతాయి, తర్వాత ఒక్కొక్కటే తేలతాయి. కొత్త ఇంట్లో చేపలు చచ్చాయన్న మాట పలాసంతా పాకుతుంది. వెయ్యకపోతే ముహూర్తం చెడగొట్టినవాడంటారు. ఎలాగైనా కొట్టు మూతపడేదే అయినప్పుడు, ఈ పది ప్రాణాల్నీ ఎందుకు చంపాలి? ఆ ఆలోచన రాగానే అతనికి ధైర్యం వచ్చింది.

"ఎత్తుకుపోతాను బాబూ. సచ్చిపోతాయని తెలిసి ఎయ్యలేను."

ఆ మాట రత్నాలమ్మ చెవిన పడింది. "శుబ్బరమైన నీళ్ళలో సేపలెందుకు సత్తాయి?" అని దగ్గరికొచ్చింది.

"సేపలు ఇసర్జించింది నీళ్ళలో ఇసమైపోద్దమ్మా. దాన్ని తినేసే సిన్న సిన్న పురుగులుంటాయి, కంటికి ఆనవు. అయి పుట్టడానికి రోజులు పడతాది. పుట్టి ఆ స్పంజీలో, రాళ్ళలో కాపరముంటాయి."

రత్నాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "పాలకి తోడెట్టినట్టా?"

"అచ్చంగా అలాగేనమ్మా."

"ఓలమ్మ! తోడుకున్న గిన్ని తోమి బోర్లించేసినానన్నమాట. మరి నాకెవులు సెప్పినారు?"

ఢిల్లీరావు తల దించుకున్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. "తప్పు నాదేనమ్మా. డబ్బులిచ్చే బాబుకి సెప్పినాను గానీ, ఇల్లు కడిగే ఆడోళ్ళకి సెప్పనేదు."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ముహూర్తానికి సేపలే ఎయ్యాలని పంతులుగారేమైనా సెప్పినారేట్రా? ఈ పొద్దు తోడెడతాం. నువ్వెల్లి తే బాబూ."

ఢిల్లీరావు చేపల సంచుల్ని వెనక్కి తీసుకుని సైకిలు మీద కొట్టుకి పరిగెత్తాడు. పాత తొట్టిలోని స్పంజీని ఆ నీళ్ళలోనే పిండి, క్యానులో పట్టుకొచ్చాడు. సరిగ్గా ముహూర్తానికి రత్నాలమ్మ పట్టుచీర చెంగు నడుముకి దోపి, ఆ బురదలాంటి నీళ్ళని తన చేత్తోనే తొట్టిలో పోసింది. నీళ్ళు మసకబారాయి. ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వితే నవ్వండి. నిన్న నానే కడిగి పాడుసేసినాను, ఈ పొద్దు నానే బాగుసేత్తన్నాను" అందావిడ అందరూ వినేలా. త్రినాథరావు చుట్టాల్ని పూజ దగ్గరికి పిలుచుకుపోయాడు. ఢిల్లీరావు ఆవిడ చేతిలోని ఖాళీ క్యాను అందుకుని దణ్ణం పెట్టాడు.

ఆ తర్వాత మూడు వారాలూ ఆవిడ రావివలస వెళ్ళలేదు. రోజూ చిటికెడు మేత తనే వేసింది. పనిమనిషి గుడ్డ పట్టుకుని తొట్టి వైపు నడిస్తే చాలు, ఇంతెత్తున లేచేది. వచ్చిన ప్రతి చుట్టానికీ తోడు కథ చెప్పింది. ఇరవై రెండో రోజున ఢిల్లీరావు చేపల సంచుల్ని కాసేపు నీళ్ళ మీద తేల్చి, మూతులు విప్పాడు. పది రోజుల తర్వాత భయం భయంగా వెళ్ళి లెక్కపెడితే పదీ ఉన్నాయి. గౌరామీ పోగు చాచి రాళ్ళని తడుముకుంటోంది. ఢిల్లీరావు అక్కడే కుర్చీలో కూలబడి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ చెరో తొట్టి కావాలి. ఢిల్లీరావు సంతోషాన్ని దిగమింగుకుని, చెప్పాల్సిన మాట చెప్పాడు.

"మరి ఇరవై రోజులు ఆగాలమ్మా..."

"తెలుసులేవయ్యా, రత్నాలమ్మగారు సెప్పినారు" అంది ఒకావిడ. "ఆగుతాం."