పచ్చగుర్తు దారి

ఇలా దగ్గరికి జరుగు, చెబుతాను. కొండదారులకు రంగు గుర్తులు వేసే మేస్త్రీ ఒకడుండేవాడు. తేలిక దారికి పచ్చ, కష్టమైనదానికి ఎరుపు. కొత్త దారిని తన ఉక్కు కాళ్లతో చకచకా ఎక్కి దిగి, పచ్చ పూసేశాడు.

మోకాళ్ల నొప్పులున్న అతని అక్క అడిగింది: "ఒరే, నేనెక్కగలనంటావా?"

"పచ్చ వేసింది నేనేగా అక్కా. నీ నోరైనా అలసిపోతుందేమో గానీ కాళ్లు అలసిపోవు."

నవ్వుకుంటూ వెళ్లింది. సగం దారిలో మోకాలు పట్టేసి, తూలి లోయలో పడిపోయింది.

శవాన్ని లోయలోంచి తెచ్చాక మేస్త్రీ ఆమె చేతికర్ర పట్టుకుని, అక్కలాగే మోకాలు మడవకుండా ఆ దారి ఎక్కాడు. మొదటి మలుపుకే ప్రాణాలు కళ్లలోకొచ్చాయి. అక్కడే కూలబడి, ఏడుస్తూనే పచ్చ మీద ఎరుపు పూశాడు.

ఎవరైనా ఏ దారినైనా తేలికంటే, ఎవరి కాళ్లకని అడుగు తల్లీ. ఇది గుర్తుంచుకుని, కొండెక్కేవాళ్లకు చెప్పు.