కరెంటు లేని రేడియో

ముత్యాలప్ప రాగితీగ కొసను పళ్ళమధ్య బిగించి, దాని మీది పూతను బ్లేడుతో గీకుతున్నాడు. ఒకప్పుడు మేకల్ని కట్టేసిన కొట్టం అది. మేకలు పోయి ఏళ్ళయినా మబ్బు పట్టిన రోజున వాటి వాసన మళ్ళీ లేస్తుంది. మబ్బు పట్టేదే అరుదు కాబట్టి ముత్యాలప్పకు పెద్ద ఇబ్బంది లేదు. బల్ల మీద విప్పేసిన రేడియోలు, పగిలిన స్పీకర్లు, పాత త్రాసు పళ్ళెంలో పోసిన స్క్రూలు. ఆయన బొటనవేళ్ళ గోళ్ళు తీగలు లాగి లాగి అరిగిపోయాయి. వీపు కూర్చున్నా నిలబడ్డా ఒకే వంకరలో ఉంటుంది.

“ఏమయ్యా, ఇంట్లో టీవీ ఉండాది, చేతిలో ఫోన్ ఉండాది. ఈ మూగడబ్బా ఎవరికి?” అంది భార్య హనుమంతమ్మ గడపలో నిలబడి.

“జాకబన్నకు. ఈ పొద్దే తీసకపోతాండా.”

ఆమె లోపలికి వెళ్ళింది. సద్దిలో ఇంకో రెండు జొన్నరొట్టెలు, కాస్త చెనక్కాయల పొడి ఎక్కువ పెట్టి మూట కట్టింది.

కదిరిలో బోరు మోటారు కాలని రోజు ఉండదు. నీళ్ళు కిందికి దిగేకొద్దీ మోటార్లూ దిగుతాయి, దిగిన చోట కాలిపోయి పైకొస్తాయి. కాలిన తీగ పీకేసి కొత్తది చుట్టడం, బతుకంతా ముత్యాలప్ప చేసిన పని అదే. ఆ పని నేర్పింది జాకబ్. మిగిలిన తీగముక్కలతో రేడియో చేయడం నేర్పిందీ జాకబే. వాళ్ళు పనిచేసే మోటారు షాపు మూశాక ఇద్దరూ ఒకే ఇయర్‌ఫోన్‌ను చెవులు మార్చుకుంటూ వినేవాళ్ళు. పెళ్ళిళ్ళయినా, పిల్లలు పుట్టినా ఆ పిచ్చి వదల్లేదు. ఇప్పుడు జాకబ్ ఊపిరితిత్తులు చెడి, తనకల్లులోని ఇంట్లో మంచం పట్టాడు. పోయినసారి చూడబోయినప్పుడు ముత్యాలప్ప చెయ్యి పట్టుకుని అడిగాడు.

“ఫోన్లో పాట ఎవురో పంపిస్తే వస్తాది. నాకు గాల్లోంచి దానంతట అది వచ్చేది వినాలని ఉండాదిరా. మొదట్లో చేసినాం సూడు, కరెంటూ బ్యాటరీ లేంది. అట్లాంటిది ఒగటి చెయ్యి. తొందరగా చెయ్యప్పా.”

తొందర ఎందుకో ముత్యాలప్పకు తెలుసు. అయినా కాయిల్ చుట్టడం, నచ్చక విప్పడం, మళ్ళీ చుట్టడంతోనే ముత్యాలప్ప రోజులు గడిపేశాడు. నిన్న జాకబ్ భార్య కృపాకుమారి ఫోన్ చేసి, అన్నం మానేశాడని చెప్పింది. రాత్రి ముత్యాలప్ప కొట్టంలోనే కూర్చుని కాయిల్ ముగించాడు.

షాపులో ఆ రోజు మనసు నిలవలేదు. ఒక చుట్టు తిరగేసి చుట్టాడు. ఓనరు నాగేశ్వరయ్య కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

“ఏమప్పా ముత్యాలూ, ఈ మోటారు నీళ్ళు పైకి తోడేదా, కిందికి తోసేదా?” అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “పో, పో. జాకబ్‌ను అడిగినానని చెప్పు” అన్నాడు.

బస్సులో రేడియోను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. దున్ని, వాన కోసం వదిలేసిన చేలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి. బండల గుట్టలు ఎండలో వణుకుతున్నట్టు కనిపించాయి. ముత్యాలప్పకు కునుకు పట్టింది. ఎక్కడెక్కడి మాటలో, పాటలో గాల్లో తేలి వచ్చి ఈ బస్సులోంచి, ముందు సీటులో నిద్రపోతున్న ముసలమ్మలోంచి, తనలోంచి దూరిపోతూనే ఉంటాయనీ, ఎవరికీ తగలకుండా పోతాయనీ అనిపించింది. ఆ ఊహ ఆయనకు చిన్నప్పటినుంచీ హాయినిస్తుంది.

దిగేసరికి పొద్దు వాలింది. జాకబ్ వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. మనిషి దుప్పటి మడతలా మిగిలాడు.

“కాఫీ ఇస్తానప్పా. నీళ్ళ ట్యాంకరు మాత్రం రేపు గానీ రాదంట. ఒక బిందె ఉండాది ఇంట్లో” అంది కృపాకుమారి.

“కాఫీ వద్దు వదినా” అని ముత్యాలప్ప పనిలో పడ్డాడు. ఇంటి మూల నుంచి వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టాడు. నేలకు తగలాల్సిన ఎర్త్ తీగను పెరట్లోని ఎండిన బోరు పైపుకు బిగించాడు. అంత లోతు ఎర్త్ ఎవరికి దొరుకుతుందని లోపల మురిశాడు కూడా. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. ఏమీ లేదు. మీట తిప్పాడు, తీగలు నొక్కి చూశాడు. ఏమీ లేదు. మంచం మీద జాకబ్ ఊపిరి తునకలు తునకలుగా వస్తోంది. ముత్యాలప్పకు నిజంగా భయమేసింది.

“ఎర్త్ యాడ కట్టినావ్?” అన్నాడు జాకబ్ గొణుగుతూ.

“బోరుకు, అన్నా.”

జాకబ్ నవ్వాడు. నవ్వు దగ్గయింది.

“కేసింగు పైపంతా పీకి మా బామ్మర్ది బోరుకు ఏసినాం గదరా. ఆడ ఉండేది మూరెడు ముక్క. ఎవురూ గుంతలో పడకుండా పెట్టింది.”

ఎండిన బోరులో పైపు వదిలేసేవాళ్ళు ఈ సీమలో ఎవరూ లేరు. బోర్లతోనే బతికిన ముత్యాలప్ప ఆ మాటే మరిచాడు. సిగ్గుపడి, గడ్డపార తెచ్చి పక్కన నేలలో దిగ్గొట్టి తీగ దానికి చుట్టాడు. చెవిలో చీమ నడిచినంత చప్పుడైంది. అంతే. నేల పిండిలా ఉంది, తడి లేందే ఎర్త్ అందదు.

“నీళ్ళు పోస్తే...” అని, నాలుక కరుచుకున్నాడు.

కృపాకుమారి లోపలికి వెళ్ళి బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

“వద్దు వదినా. తాగే నీళ్ళు.”

“ఆయన తాగేది నిలిపినాడు గదప్పా. నాకొక్కదానికి ఎంత కావాల?” అని గడ్డపార చుట్టూ మొత్తం పోసేసింది. నేల గుటకలేసింది.

ముందు గరగర వచ్చింది. పొద్దు గూకేకొద్దీ దాని వెనక నుంచి ఒక ఆడగొంతు నడిచొచ్చింది. ముత్యాలప్ప ఇయర్‌ఫోన్ తీసి జాకబ్ చెవిలో పెట్టాడు. జాకబ్ కళ్ళు పెద్దవయ్యాయి.

“కన్నడంరా” అన్నాడు.

“ఏం చెప్తాందన్నా?”

“మళె అంట. యాడనో వాన పడతాందంట.”

ఇన్నాళ్ళూ తాత్సారం చేసినందుకు కుమిలిన ముత్యాలప్పకు ఆ క్షణాన చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇంకో స్టేషన్ కోసం మీట తిప్పబోతే జాకబ్ వేలెత్తి వద్దన్నాడు. వాన దగ్గరే ఉంటానన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. వేపచెట్టు మీద వెలుతురు సన్నబడింది. ముత్యాలప్ప పాతరోజుల్లోలాగే ఆయన పక్కనే కూర్చున్నాడు.

కాసేపటికి ముత్యాలప్ప అడిగాడు. “అన్నా, ఇంకా వినపడతాందా?”

వేలు లేవలేదు.

ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. ఆ గొంతు తడిసిన ఊళ్ళ పేర్లు ఇంకా చెబుతూనే ఉంది. ముత్యాలప్ప జాకబ్ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

కృపాకుమారి వచ్చి భర్త నుదుటి మీద అరచెయ్యి ఉంచింది. తర్వాత, “స్నానం చేపియ్యల్ల” అంది. అన్నాక ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరూ పెరట్లోని ఖాళీ బిందె వైపు చూశారు.

ఏడుపు విని ఎదురింటి తిప్పమ్మ వచ్చింది, చూసింది, వెనక్కి వెళ్ళి తన బిందె తెచ్చి వసారాలో దించింది. ఆ వెనకే ఇంకొకామె, ఇంకొకామె. వాళ్ళకూ ట్యాంకరు రేపే. చీకటిపడేసరికి వసారా అంచున బిందెలు నిండుగా నిలబడ్డాయి. పెరట్లో గడ్డపార పక్కన, ఇంకా ఆరని మట్టిలో, కృపాకుమారి బిందె పక్కకు ఒరిగి పడి ఉంది.