పెద్దింటి పురిటి గుడ్డలు

కూలన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, ఈ సంగతి వినండి. ఉన్నదున్నట్టు చెబుతాను, నా కళ్లారా చూశాను గనక.

పురుడైన ఆరోనాడు కూలిపేట గంగులు తన పెళ్లాం దాలమ్మను నులకమంచం మీద మోయించుకొచ్చి నగరేశ్వరరావు వాకిట్లో దించాడు. మిట్టమధ్యాహ్నం. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి బాలింతలను చూడమని జిల్లా బోర్డువారు వేసిన నర్సు కాంతం. ఆమెను ఈ భూస్వామి తన కోడలికి నెలలు నిండాయని ఇంట్లోనే పెట్టుకున్నాడు. కూలిపేట పురిటింట్లో పెట్టిన కాలు తన ఇంట్లో పెట్టకూడదన్నాడు. మంచం దగ్గరికైనా పోనివ్వలేదు. కాంతం అరుగు మీదనుంచే చూసి, తడిగుడ్డ వెయ్యమని చెప్పి తల దించుకుంది. ఉద్యోగం భయం. థూ!

మర్నాడే కోడలు ప్రసవించింది. పెద్దింటి పురిటి గుడ్డలు ఉతికేది చాకలి అప్పలనరసమ్మ. కబురొచ్చేసరికి ఆమె దాలమ్మ తలాపున కూర్చుని ఉంది. ఆ గుడ్డలు ఎత్తాలా వద్దా అని సాయంత్రం పేటంతా కూడింది. నగరేశ్వరరావు పొలంలో పనిచేసే కంబారి అసిరయ్య, పెద్దింటి బాలింత మాత్రం ఏం పాపం చేసిందన్నాడు. పని పోతే ఏం తింటామన్నాడు. సగంమంది అతని వైపే.

"ఆ పిల్లని సూడ్డానికి నర్సమ్మ ఉన్నాది. మన పిల్లకెవులున్నారు?" అంది అప్పలనరసమ్మ. "మనం ముట్టుకుంటే మైలంట. ఆల మైల మాత్రం మనం ఎత్తాలేటి? నర్సమ్మ పేటకొచ్చినదాకా ఒక్క గుడ్డ ముట్టను. మీలో ఎవులు ముట్టినా మీ బట్టలూ ఉతకను."

అసిరయ్యతో సహా ఎవరూ ఆ గుడ్డల జోలికి పోలేదు.

మూడు రోజులు గడిచాయి. పెరట్లో గుడ్డల కుప్ప మీద ఈగలు ముసిరాయి, కంపు వీధిదాకా కొట్టింది. పొరుగూరి చాకళ్లను పిలిపిస్తే సంగతి విని దారిలోంచే వెనక్కి పోయారు. ఆ ఇంట్లో ఆ కంపు ఎప్పుడూ ఉన్నదే. మోసే చేతులుండబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

నాలుగోనాటి పొద్దున్న నగరేశ్వరరావు గుమస్తాను తోడిచ్చి నర్సును బండిలో పంపాడు. దాలమ్మ పోయి అప్పటికి గంటయింది. కాంతం ఆ చల్లబడ్డ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

నర్సు వచ్చింది కదా, ఇక గుడ్డలు ఎత్తమన్నాడు గుమస్తా. పేటలో నెలలు నిండినవాళ్లు ఇంకా ముగ్గురున్నారనీ, నర్సు రోజూ ఇంటింటికీ వస్తేనే ఎత్తుతాననీ అప్పలనరసమ్మ తెగేసి చెప్పింది. గుమస్తా పోలీసులను తెస్తానన్నాడు. కాంతాన్ని బండెక్కమన్నాడు, ఎక్కకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

అసిరయ్య వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనక పేటంతా నిలబడింది.

కాంతం వేణ్ణీళ్లు అడిగి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. సంచి భుజాన వేసుకుని, ముందు ఎవరింటికి రావాలని అడిగింది.

"నా కోడలికి తెల్లారగట్లనించి నొప్పులమ్మా," అన్నాడు అసిరయ్య. "లోపలికి రా."