దించావా?

పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసే కొట్టు ఇంకా ఒకటి మిగిలిందంటే అది మాదే. గొప్పేమీ లేదు, మూసే ఓపిక లేక తెరిచి ఉంది. నా నడుము పనిచేయదు, కళ్లు సగం పనిచేస్తాయి, బామ్మర్ది నోరు ఒక్కటే ఇద్దరి పని చేస్తుంది. "ఆ పాడు డబ్బాల్లో చెయ్యి పెట్టకండి, ఏదో ఒకరోజు నా కొంప ముంచుతారు" అని మా ఆవిడ రోజూ పోరుతుంది. రోజూ ఊఁ కొట్టి వచ్చేస్తాను.

ఆవిడ భయం ఉత్తిది కాదు. ప్లగ్గు పీకి రోజులు గడిచినా టీవీ లోపలి పిక్చర్ ట్యూబు, ఆ గాజుబుడ్డి, కరెంటు దాచుకుని కూర్చుంటుంది. దాని వీపున ఒక రబ్బరు టోపీ. చట్రానికి వైరుతో కలిపిన స్క్రూడ్రైవరు ఆ టోపీ కిందికి దూరిస్తే, దాచుకున్నదంతా 'టప్'మని వదిలేస్తుంది. మా కొట్లో దాన్ని 'దించడం' అంటాం. మూత విప్పినవాడే దించాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. అదీ ఒక్క చెయ్యే. రెండోది జేబులో ఉండాలి, లేకపోతే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుంది.

ఆ మధ్యాహ్నం బామ్మర్ది ఆటోలో ఒక పెద్ద టీవీ తెచ్చాడు. నేను వెనక గదిలో మొహం కడుక్కుంటున్నాను.

"దించావా?" అని కేకేశాను.

"దించా బావా!"

వచ్చి చూస్తే టీవీ బల్ల మీద, మూత విప్పి ఉంది. వాడు గుమ్మంలో ఆటోవాడితో కబుర్లలో పడ్డాడు. ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని వంగాను. నడుము కలుక్కుమంది. పడిపోకుండా ఆ చేత్తో చట్రం పట్టుకున్నాను. కుడిచెయ్యి టోపీ కిందికి వెళ్లింది.

తర్వాత చూసుకుంటే గోడ దగ్గర కూలబడి ఉన్నాను. విసురుకి మోచెయ్యి తగిలి ట్యూబు మెడ విరిగింది, గాలే లేని ఆ బుడ్డిలోకి బుస్సుమంటూ గాలి పోతోంది. అద్దమే పేలి ఉంటే గాజంతా నా మొహాన ఉండేది. చచ్చిపోతానేమోనని భయం వేసింది. మా ఆవిడకు ఈ కబురు ఎవరు చెప్తారా అని అంతకంటే ఎక్కువ భయం వేసింది.

"దించానన్నావు కదరా!"

"దించాగా బావా... ఆటోలోంచి." వాడు గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చాడు. "మూత విప్పా, ఇంతలో ఆటోవాడు పిలిచాడు. అక్కకి నేనేం చెప్పను బావా!" అంటూ నా పక్కనే చతికిలబడి ఏడ్చాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఏది దించావని నేనూ అడగలేదు, ఏది దించాలని వాడూ అడగలేదు.

"లేవరా, డాక్టరు దగ్గరికి పోదాం. ముందు దించు."

వాడు కళ్లు తుడుచుకుని, జేబులో ఒక చెయ్యి పెట్టుకుని మరీ నా వైపు చూశాడు.

"ఏది బావా?"

"షట్టరు. మళ్లీ ఎత్తకు."